తెలంగాణ హైకోర్టులో సివిల్, మధ్యవర్తిత్వ, సర్వీసు వివాదాల విచారణ

తెలంగాణ హైకోర్టు హైదరాబాదు పాతబస్తీలో, మూసీ నది దక్షిణపు ఒడ్డున, నయాపూల్ సమీపాన ఉన్న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము. ఆస్తి తగాదాలు, ఒప్పందాలకు సంబంధించిన మధ్యవర్తిత్వ వివాదాలు, ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు వివాదాలు ఇక్కడికి పెద్ద సంఖ్యలో వస్తాయి. హైకోర్టుకు వెళ్తే కేసును మొదటి నుండి మళ్ళీ విచారిస్తారన్న అభిప్రాయం ప్రజలలో ఉన్నది. చాలా కేసులలో ఇది సరికాదు. వివాదం ఏ మార్గంలో హైకోర్టుకు చేరినది అన్నదానిని బట్టి హైకోర్టు అధికార పరిధి మారుతుంది. ఒక మార్గంలో సాక్ష్యం మొత్తాన్ని తిరిగి పరిశీలించవచ్చు. మరొక మార్గంలో కేవలం చట్టపరమైన ప్రశ్నను మాత్రమే చూడవచ్చు. ఇంకొక మార్గంలో నిర్ణయం జరిగిన తీరును మాత్రమే పరీక్షించవచ్చు. కక్షిదారు గెలుపు ఓటములు చాలావరకు ఈ తేడాపైననే ఆధారపడి ఉంటాయి.

చరిత్ర

ప్రస్తుత భవనం ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నిర్మించబడినది. 1915 ఏప్రిల్ 15న ప్రారంభమైన నిర్మాణం 1919లో పూర్తి కాగా, 1920 ఏప్రిల్ 20న భవనాన్ని నిజాము ప్రారంభించెను. జైపూరుకు చెందిన శంకర్ లాల్ నమూనాను రూపొందించగా, స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ దానిని అమలుపరచెను. ఎర్ర రాతితో, తెల్లని గుమ్మటాలతో కట్టిన ఈ భవనానికి నదికి ఆవలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఉన్నది. 2009 ఆగస్టు 31న జరిగిన అగ్ని ప్రమాదంలో భవనంలో కొంత భాగం దెబ్బతిన్నది. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు భవన సముదాయానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది.

ఆంధ్ర రాష్ట్రానికి 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు ఏర్పడినది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు హైదరాబాదులో నెలకొన్నది. దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యెను. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినా, 2018 చివరి వరకు రెండు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు కొనసాగినది. 2019 జనవరి 1న తెలంగాణకు, ఆంధ్ర ప్రదేశ్‌కు వేర్వేరు హైకోర్టులు పని ప్రారంభించినవి. 2021లో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 24 నుండి 42కు పెంచిరి.

సివిల్ వివాదాలు

బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టుల వలె హైదరాబాదు హైకోర్టుకు సాధారణ సివిల్ దావాలను నేరుగా స్వీకరించే అధికారం లేదు. దావా ముందు సివిల్ జడ్జి కోర్టులో గాని, హైదరాబాదు నగరంలో అయితే సిటీ సివిల్ కోర్టులో గాని దాఖలు కావాలి. ఆ తరువాత అది సివిల్ ప్రొసీజరు కోడ్ (1908) ప్రకారం ఈ క్రింది మార్గాలలో హైకోర్టుకు చేరుతుంది.

మొదటి అప్పీలు: 96వ సెక్షను క్రింద దాఖలవుతుంది. దావా విలువను బట్టి ఇది జిల్లా కోర్టుకు గాని, హైకోర్టుకు గాని వెళ్తుంది. ఇందులో వాస్తవాలను, చట్టాన్ని రెండింటినీ పరిశీలించవచ్చు. సాక్షుల వాఙ్మూలాలను, దస్తావేజులను తిరిగి తూచి, కింది కోర్టు అభిప్రాయానికి భిన్నమైన నిర్ణయానికి రావచ్చు. అప్పీలుదారుకు ఇదే విశాలమైన అవకాశం. హైకోర్టులో దాఖలుకు గడువు డిక్రీ తేదీ నుండి 90 రోజులు.

రెండవ అప్పీలు: కింది కోర్టు, జిల్లా స్థాయి అప్పీలు కోర్టు రెండూ తీర్పు చెప్పిన తరువాత 100వ సెక్షను క్రింద దాఖలవుతుంది. 1976 సవరణ తరువాత ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే దీనిని స్వీకరిస్తారు. ఆ ప్రశ్నను కోర్టు స్పష్టంగా రూపొందించవలెను. ఉదాహరణకు, పొలం ఎవరి స్వాధీనంలో ఉన్నది అన్నది వాస్తవానికి సంబంధించిన విషయం. కింది కోర్టులు రెండూ ఒకే నిర్ణయానికి వస్తే హైకోర్టు సాధారణంగా దానిలో జోక్యం చేసుకోదు. ఆ పొలానికి సంబంధించిన రిజిస్టరు కాని పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించవచ్చునా అన్నది చట్టపరమైన ప్రశ్న. ఏ సాక్ష్యమూ లేకుండా చేసిన నిర్ణయం కూడా చట్టపరమైన దోషమే అవుతుంది.

సివిల్ రివిజన్ పిటిషన్: దావా నడుస్తుండగా కింది కోర్టు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వులపై దాఖలవుతుంది. 2002 సవరణ 115వ సెక్షను పరిధిని బాగా తగ్గించుట వలన ఇప్పుడు ఇవి ఎక్కువగా రాజ్యాంగం 227వ అధికరణం క్రింద వస్తాయి. ఇది పర్యవేక్షణాధికారమే గాని అప్పీలు కాదు. సివిల్ కోర్టుల న్యాయపరమైన ఉత్తర్వులపై 226వ అధికరణం క్రింద రిట్ దాఖలు చేయరాదని సుప్రీంకోర్టు 2015లో రాధేశ్యామ్ కేసులో తేల్చి చెప్పినది.

హైదరాబాదు భూ వివాదాలు ఎంత దీర్ఘకాలం సాగగలవో పైగా ఆస్తుల కేసు తెలుపుతుంది. నిజాము కాలపు పైగా వంశీకుల ఆస్తుల భాగ పంపిణీకై 1955లో సిటీ సివిల్ కోర్టులో వేసిన దావా హైకోర్టుకు బదిలీ అయి 1958లో కొత్త నంబరు పొందినది. 1963 జూన్ 28న ప్రాథమిక డిక్రీ వెలువడినది. ఏ ఆస్తులు ఆ డిక్రీ పరిధిలోకి వస్తాయి, దావాలో పక్షులు కాని ఇతరుల హక్కుల మాట ఏమిటి అన్న తగాదాలు దశాబ్దాల తరబడి నడిచినవి. వాటిలో హైదర్‌నగర్ భూములకు సంబంధించిన అప్పీళ్ళపై సుప్రీంకోర్టు తీర్పు 2023లో వచ్చినది. భాగ పంపిణీ డిక్రీ సాధారణంగా దావాలోని పక్షులను మాత్రమే బంధిస్తుంది. దావాతో సంబంధం లేనివారి హక్కును అది తీసివేయజాలదు. నగరంలో స్థలం కొనేవారు కోర్టు డిక్రీ ఉన్నదన్న మాటతోనే తృప్తిపడక, ఆ డిక్రీ ఎవరి మధ్య వచ్చినదో చూడవలసి ఉంటుంది.

మధ్యవర్తిత్వ వివాదాలు

ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉంటే పక్షులు కోర్టుకు బదులు మధ్యవర్తి వద్దకు వెళ్ళవలెను. మధ్యవర్తి ఇచ్చే తీర్పును అవార్డు అంటారు. దీనికి 1996 నాటి మధ్యవర్తిత్వ, రాజీ చట్టం ఆధారం. హైకోర్టు పాత్ర ముఖ్యంగా రెండు దశలలో ఉన్నది.

మొదటిది నియామకం. ఏకైక మధ్యవర్తి ఎవరన్న విషయంలో 30 రోజులలోగా అంగీకారం కుదరకపోతే 11వ సెక్షను క్రింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. 2015 సవరణల తరువాత ఈ దశలో కోర్టు మధ్యవర్తిత్వ ఒప్పందం ఉన్నదా లేదా అన్నంతవరకే చూస్తుంది. ఎవరికి ఎంత సొమ్ము రావలెనన్నది మధ్యవర్తికే వదులుతుంది. తగిన స్టాంపు లేని ఒప్పందం కూడా ఆ కారణంగానే చెల్లకుండా పోదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది.

రెండవది అవార్డుపై పరిశీలన. అవార్డు రద్దు కోరే దరఖాస్తు 34వ సెక్షను క్రింద మూడు నెలలలో వేయవలెను. తగిన కారణం చూపితే మరో 30 రోజులు మాత్రమే అదనపు గడువు ఉంటుంది. హైదరాబాదు హైకోర్టుకు సాధారణ సివిల్ అధికారం లేనందున ఈ దరఖాస్తు ముందుగా జిల్లా స్థాయి కోర్టుకు లేదా వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. పక్షులలో ఒకరు విదేశీయులైన అంతర్జాతీయ వాణిజ్య మధ్యవర్తిత్వంలో మాత్రం నేరుగా హైకోర్టుకు రావచ్చు. కింది కోర్టు నిర్ణయంపై 37వ సెక్షను క్రింద హైకోర్టులో అప్పీలు ఉన్నది.

ఈ అప్పీలు సివిల్ అప్పీలు వంటిది కాదు. పక్షునికి నోటీసు అందకపోవడం, ఒప్పంద పరిధికి వెలుపలి విషయంపై నిర్ణయించడం, అవార్డు ప్రజా విధానానికి విరుద్ధంగా ఉండడం, దేశీయ అవార్డులో పైకి కనిపించే చట్ట విరుద్ధత ఉండడం వంటి కారణాలే చెల్లుతాయి. మధ్యవర్తి సాక్ష్యాన్ని అర్థం చేసుకున్న తీరు కోర్టుకు నచ్చకపోవడం కారణం కాదు. అవార్డును కోర్టు మార్చవచ్చునా అన్న ప్రశ్నపై 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గాయత్రీ బాలస్వామి కేసులో పరిమితమైన సవరణాధికారం ఉన్నదని మెజారిటీ తీర్పు ఇచ్చినది. 2021 డిసెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమైనది.

సర్వీసు వివాదాలు

నియామకం, పదోన్నతి, సీనియారిటీ, బదిలీ, సస్పెన్షన్, తొలగింపు, పింఛను వంటి విషయాలపై ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వానికి మధ్య వచ్చే తగాదాలను సర్వీసు వివాదాలు అంటారు. తెలుగు రాష్ట్రాల రాజకీయ చరిత్రతో ఇవి విడదీయరానివి. స్థానికులకే ఉద్యోగాలు అన్న ముల్కీ నిబంధనలు నిజాము కాలం నాటివి. తెలంగాణ ఉద్యోగాలకు నివాస నిబంధన విధించిన 1957 నాటి చట్టంలోని భాగాన్ని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ముల్కీ నిబంధనలు అమలులో లేవని 1972 ఫిబ్రవరిలో హైకోర్టు పూర్తి ధర్మాసనం తీర్పు చెప్పగా, 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి అవి చెల్లుతాయన్నది. ఆ వెంటనే జై ఆంధ్ర ఉద్యమం చెలరేగినది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దీని ఫలితములే.

371-డి ప్రకారం ఏర్పడిన పరిపాలనా ట్రిబ్యునల్ సర్వీసు వివాదాలను హైకోర్టు పరిధి నుండి తప్పించినది. ట్రిబ్యునల్ ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అన్న నిబంధన కూడా అందులో ఉండేది. కేసులో పక్షమైన ప్రభుత్వమే తీర్పును రద్దు చేయగలిగితే ఉద్యోగికి దొరికే న్యాయమేమిటి? ఈ నిబంధనను 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 1989లో ట్రిబ్యునల్ 1985 నాటి కేంద్ర చట్టం క్రింద తిరిగి ఏర్పడినది. ఉద్యోగులను హైకోర్టుకు పూర్తిగా దూరం చేయుట చెల్లదని 1993లో సకినాల హరినాథ్ కేసులో ఈ హైకోర్టు పూర్తి ధర్మాసనమే తీర్పు చెప్పినది. 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, హైకోర్టుల న్యాయ సమీక్షాధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని ప్రకటించినది. నాటి నుండి ట్రిబ్యునల్ ఉత్తర్వులపై హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ముందు రిట్ వేసే వీలు దేశమంతటా కలిగినది.

2016లో తెలంగాణకు సంబంధించినంతవరకు ట్రిబ్యునల్ రద్దు కాగా పెండింగు కేసులు హైకోర్టుకు బదిలీ అయినవి. ఇప్పుడు రాష్ట్ర ఉద్యోగి నేరుగా 226వ అధికరణం క్రింద రిట్ పిటిషన్ వేయవచ్చు. దానిని సాధారణంగా ఏక సభ్య ధర్మాసనం విచారిస్తుంది. ఆ తీర్పుపై ద్విసభ్య ధర్మాసనానికి రిట్ అప్పీలు ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం ముందుగా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాదు బెంచికి వెళ్ళవలెను.

క్రమశిక్షణ చర్యల కేసులలో హైకోర్టు పరిధిని తేల్చిన ప్రసిద్ధ తీర్పు కూడా ఇక్కడి కేసులోనే వచ్చినది. ఉద్యోగం నుండి తొలగించబడిన ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరుకు హైకోర్టు అనుకూలంగా తీర్పు ఇవ్వగా, 1963లో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ ఎస్. శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు దానిని రద్దు చేసినది. శాఖాపరమైన విచారణపై హైకోర్టు అప్పీలు కోర్టు కాదని ఆ తీర్పు సారాంశం. అందువలన హైకోర్టు ప్రధానంగా ఈ విషయాలను చూస్తుంది:

* విచారణ జరిపిన అధికారికి ఆ అధికారం ఉన్నదా
* ఉద్యోగికి ఆరోపణల పత్రం, తగిన దస్తావేజులు అందినవా
* సంజాయిషీ ఇచ్చుకొనే, సాక్షులను ప్రశ్నించే అవకాశం దొరికినదా
* నిర్ణయానికి కొంతైనా సాక్ష్యం ఉన్నదా
* శిక్ష తప్పుకు మించి దారుణంగా ఉన్నదా

ఉద్యోగి నిర్దోషి అని నిరూపించుకోవలసిన చోటు శాఖాపరమైన విచారణయే. అక్కడ హాజరు కాకుండా హైకోర్టులో చూసుకోవచ్చునని ఊరుకున్న వారు నష్టపోతారు. విచారణలో లోపం ఉన్నప్పుడు కూడా కోర్టు తరచుగా దానిని ఆ దశ నుండి తిరిగి జరపమని ఆదేశిస్తుంది. రిట్‌కు నిర్ణీత గడువు లేకున్నా, కారణం లేని జాప్యం వలన పిటిషన్‌ను తిరస్కరించవచ్చు.

తీర్పు తరువాత

హైకోర్టు తీర్పుపై రాజ్యాంగం 136వ అధికరణం క్రింద ప్రత్యేక అనుమతి పిటిషన్ ద్వారా సుప్రీంకోర్టుకు వెళ్ళవచ్చు. అనుమతి ఇచ్చుట కోర్టు విచక్షణపై ఆధారపడినది, హక్కు కాదు. అందువలన చాలామంది కక్షిదారులకు హైకోర్టు తీర్పే ఆచరణలో తుది తీర్పు. దాని ముందరి దశలలో, అనగా కింది కోర్టులో, మధ్యవర్తి వద్ద, శాఖాపరమైన విచారణలో నమోదైన సాక్ష్యమే ఆ తీర్పుకు పునాది అవుతుంది.