మెతుకును కుండయు: విస్తృతి విశ్లేషణము

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నియు నొత్తి చూడనక్కఱలేదు. ఒక్క మెతుకు చాలును. దీనినే మన పూర్వులు స్థాలీపులాక న్యాయమనిరి. ఇల్లాండ్రకు నిత్యానుభవమైన యీ న్యాయమునకు ఒక నియమము కలదు. కుండలోని మెతుకులన్నియు నించుమించుగా ఒక్కతీరున ఉడికియుండవలెను. మంట ఒక ప్రక్కనే తగిలి, సగము పలుకుగను సగము మెత్తగను ఉన్న కుండయందు ఒక్క మెతుకు చెప్పు సాక్ష్యము నమ్మదగినది కాదు.

ఈ నియమమును మఱచి మనము మనుష్యుల విషయమున ఆ న్యాయమును వాడుచున్నాము. ఆ యూరివారు లోభులనియు, ఆ కులమువారికి చదువు అబ్బదనియు, ఆడుపిల్లలకు లెక్కలు పట్టువడవనియు నిస్సంకోచముగా పలుకుదుము. రెండు కుండలకు గల భేదమును చెప్పుటకు ముందు ఒక్కొక్క కుండలోని మెతుకులకు తమలో తమకెంత భేదమో కొలువవలెనని బోధించు శాస్త్రపద్ధతి గత శతాబ్దమున పుట్టినది. దానికి విస్తృతి విశ్లేషణమని పేరు. దాని చరిత్రను సంగ్రహముగా చెప్పదలచితిమి.

ఈ పద్ధతి పొలములో పెరిగినది. ఇంగ్లండునందలి రోథమ్‌స్టెడ్ క్షేత్రమున 1843 మొదలు ఎరువుల పరీక్షలు జరుగుచుండెను. ఏటేట పంటను తూచి వ్రాసిన లెక్కలు కుప్పలుగా పేరుకొనగా, వాని యర్థము తేల్చుటకు 1919లో రోనాల్డ్ ఫిషర్ అను గణితజ్ఞుని నియమించిరి. ఆయన యెదుటనున్న చిక్కు మన రైతులెల్ల రెఱిగినదే. మడిలో ఎరువు వేసిరి, పంట హెచ్చెను. హెచ్చినది ఎరువువలననా, నేలసారమువలననా, నీటి వాలువలననా? ఒకే యెరువు వేసిన రెండు మడులైనను సమానముగా పండవు గదా!

రెండు గుంపుల సగటులను పోల్చు పరీక్షను 1908లోనే గాసెట్ అను నాతడు ప్రకటించియుండెను. ఆతడు డబ్లిన్ నగరమున బీరు తయారుచేయు సంస్థలో ఉద్యోగి. 'స్టూడెంట్' అను మాఱుపేరుతో వ్రాసెను. కాని గుంపులు హెచ్చినకొలది చిక్కు హెచ్చును. పండ్రెండు రకముల పంటను జతలుజతలుగా పోల్చిన 66 జతలగును. ప్రతి పోలికయందును ఇరువదింట ఒకమాఱు పొరబడుట కొప్పుకొన్నచో, రకములన్నియు నిజముగా సమానమే యైనను సుమారు మూడు జతలలో లేని భేదము ఉన్నట్లు తోచును. కావున గుంపులన్నిటిని ఒక్కటే ప్రశ్న యడుగవలెను.

ఆ ప్రశ్నకు కావలసిన భావము ఫిషర్ 1918లో వ్రాసిన వ్యాసముననే కలదు. బంధువుల పొడుగులు ఏల కొంత కలియును, ఏల కొంత భేదించును అని విచారించుచు, భేదముల వర్గముల సగటుకు విస్తృతియని పేరిడి, దానిని కారణములవారీగా భాగింపవచ్చునని చూపెను. 1923లో మెకంజీ యను సహకారిణితో గూడి పండ్రెండు రకముల బంగాళాదుంపల పంటకు ఈ భాగహారమును వర్తింపజేసెను. 1925లో వెలువడిన ఆయన గ్రంథమువలన ఇది పరిశోధకులందఱి చేతి పనిముట్టయ్యెను.

దీనిని మన కోనసీమ కొబ్బరితోటకు తెచ్చి చూతము. పండ్రెండు చెట్లున్నవనుకొందము. నాల్గింటికి పశువుల ఎరువు, నాల్గింటికి పచ్చిరొట్ట, నాల్గింటికి వేపపిండి వేసితిమి. ఏడాది దింపులన్నియు కూడగా చెట్టుకు సగటున 70, 80, 90 కాయలు వచ్చినవి. వేపపిండియే మేలని చాటింపవచ్చునా? ఇంకను తొందరపడరాదు.

మొదటి గుంపులోని చెట్లు 68, 69, 71, 72 చొప్పునను, తక్కినవియు నట్లే తమ సగటును అంటిపెట్టుకొనియు కాచినవనుకొనుడు. ప్రతి చెట్టునకు తన గుంపు సగటునుండి గల భేదమును వర్గముచేసి కూడగా మూడు గుంపులకును 30 వచ్చును. ఇది లోపలి భేదము. గుంపుల సగటులు మొత్తము సగటగు 80 నుండి భేదించుటవలన కలిగిన మొత్తము 800. ఇది నడిమి భేదము. మొత్తము సగటు తెలిసినపుడు మూడు సగటులలో రెండే స్వతంత్రములు గనుక 800ని 2చే భాగింపగా 400. ఆ రీతినే ప్రతి గుంపునందును నాల్గింట మూడే స్వతంత్రములు గనుక 30ని 9చే భాగింపగా సుమారు 3.3. నడిమిది లోపలిదానికి 120 రెట్లు! ఇక సందేహమునకు తావు లేదు.

అట్లుగాక మొదటి గుంపు 40, 60, 80, 100గను, రెండవది 50, 70, 90, 110గను, మూడవది 60, 80, 100, 120గను కాచినదనుకొనుడు. సగటులు అవియే, 70, 80, 90. నడిమి మొత్తము అదియే, 800. కాని లోపలి మొత్తము 6000. 9చే భాగింపగా సుమారు 667. నిష్పత్తి 0.6 మాత్రమే. ఇన్ని చెట్ల పరీక్షలో అది సుమారు 4.26 దాటిననే గాని, ఇరువదింట ఒకటికి మించని పొరపాటుతో భేదము కలదని చెప్పరాదు. సగటులు మాఱకున్నను తీర్పు తలక్రిందులయ్యెను. ఈ నిష్పత్తికి ఫిషర్ పేరులోని మొదటి యక్షరమును బట్టి 1934లో అమెరికావాడగు స్నెడెకర్ 'ఎఫ్' అని పేరుపెట్టెను.

ఇంకొక మెలకువ కలదు. వేపపిండి వేసిన చెట్లన్నియు కాలువగట్టుననే యున్నచో కాయించినది పిండియో నీరో ఎవరు చెప్పగలరు? ఏ చెట్టున కేది వేయవలెనో మన యిష్టమునకు విడువక చీటీలు వేసి నిర్ణయింపవలెనని ఫిషర్ పట్టుబట్టెను. చీటీకి పక్షపాతము లేదు.

ఫిషర్ గ్రంథము వెలువడిన 1925లోనే వశిష్ఠకు ఆవల, మార్టేరులో వరి పరిశోధనా కేంద్రము వెలసినది. 1982లో విడుదలయైన స్వర్ణ వరి అక్కడి కృషి ఫలమే. కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన సాంఖ్యక సంస్థ ఈ విద్యకు పుట్టినిల్లయ్యెను. 1938లో అచ్చట జరిగిన మొదటి భారత సాంఖ్యక మహాసభకు ఫిషర్ అధ్యక్షత వహించెను. ఆ సంస్థలో 1941లో చేరిన తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో బళ్లారి ప్రాంతపు హడగళిలో పుట్టి, విశాఖపట్టణమున చదివి, 1946లో కేంబ్రిడ్జికేగి ఫిషర్ కడనే డాక్టరు పట్టమునకు కృషిచేసెను. ఒక్క కొలతపై నిలిచిన పరీక్షను పెక్కు కొలతలకు విస్తరింపజేసిన వారిలో ఆయన ముఖ్యుడు. 2023లో, 102 ఏండ్ల వయస్సున, అమెరికాలో కాలధర్మము నొందెను.

ఈ చరిత్రలో చింతింపదగిన విషయమొకటి కలదు. ఫిషర్ మనుష్యజాతిని ఏరి పెంచవలెనను వాదమును నమ్మినవాడు. సంఘమున గొన్ని వర్గములు పుట్టుకచేతనే మేలైనవని తలంచినవాడు. ఆ కారణముననే ఆయన చదివిన కేంబ్రిడ్జి కళాశాల ఆయన స్మారకమగు గాజుకిటికీని 2020లో తీసివేయ నిశ్చయించెను. అయినను ఆయన వేసిన ప్రశ్న ఆయన నమ్మకమునకు లోబడలేదు. 1972లో లెవొంటిన్ అను శాస్త్రజ్ఞుడు మానవుల రక్తలక్షణములలోని భేదమును ఇట్లే భాగించి చూచెను. ఆయన వాడిన కొలత వేఱు, ప్రశ్న యిదియే. మొత్తము భేదమున నూటికి సుమారు 85 పాళ్లు ఒక్కొక్క జనసమూహము లోపలనే యున్నవని తేలెను. పెక్కు లక్షణములను కలిపి చూచినచో ఒకని పూర్వులు ఏ ప్రాంతమువారో ఊహింపవచ్చునని ఫిషర్ శిష్యుడగు ఎడ్వర్డ్స్ 2003లో వాదించెను. అదియు నిజమే. పూర్వులెవరో తెలిసినంత మాత్రమున మనుష్యుని బుద్ధియు శీలమును తెలియవు.

ఈ పరీక్షకును హద్దులు కలవు. భేదము కలదని చెప్పును. ఏల కలదో చెప్పదు. ఒక గుంపు పిల్లల మార్కులు తక్కువైనచో, వారికి బడి దూరమా, ఇంట దీపము లేదా, పుస్తకము లేదా యని మనమే విచారింపవలెను. మనుష్యులను చీటీలు వేసి కులములలోను కుటుంబములలోను పుట్టింపలేము గనుక, వారి విషయమున ఈ విచారము మఱింత యవసరము. మఱియు లెక్కలోని వారు వేలకొలది యైనపుడు అత్యల్పభేదము సయితము పరీక్షలో నెగ్గును. అట్టి భేదము ఒక్క బిడ్డనుగూర్చి మనకు తెలుపునది శూన్యప్రాయము.

ఐదువేళ్లు ఒక్కతీరున నుండవని మన సామెత. ఎదుటివాని చేతికిని వేళ్లు ఐదేయని మఱవకున్న చాలును. అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని, బడిలో చేరవచ్చిన పిల్లను ఏ కుండలోని మెతుకని యడుగక, పలకయు బలపమును చేతికిచ్చి లెక్క చేయించి చూడుడు.