కోళ్ల షెడ్డు మీద 83 అడుగులు

అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్రంలో, గ్రీన్స్‌బరో ఊరికి దగ్గర్లో లిండ్లీ ఫీల్డ్ అని ఒక చిన్న విమానాశ్రయం ఉండేది. దాని పక్కన కాస్బీ అనే కుటుంబానికి 2 ఎకరాల 80 సెంట్ల స్థలం, అందులో ఇల్లు, కోళ్ల షెడ్లు. రన్‌వే కొసనుంచి ఇంటికి 2,275 అడుగులు, అర మైలైనా లేదు. 1942లో సైన్యం ఆ రన్‌వేని వాడుకోవడం మొదలుపెట్టాక బాంబర్లు, రవాణా విమానాలు, ఫైటర్లు ఆ స్థలం మీదుగా నేలకు 83 అడుగుల ఎత్తులో దిగసాగాయి. ఇంటి కప్పుకీ వాటికీ మధ్య 67 అడుగులు, అక్కడున్న అన్నిటికన్నా పొడవైన చెట్టుకైతే 18. బెదిరిపోయిన కోళ్లు గోడలకు కొట్టుకుని ఒక్కోరోజు ఆరు నుంచి పది దాకా చచ్చేవి. అలా 150 దాకా పోయాక వ్యాపారమే మూసేశారు. రాత్రిళ్లు విమానాల దీపాల వెలుగు, మోత. ఇంట్లోవాళ్లకు కంటిమీద కునుకు లేదు. ఈ తగాదా మీద 1946 మే 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, నేల ఎవరిదో పైనున్న ఆకాశమంతా వాళ్లదేనన్న పాత సూత్రానికి చరమగీతంగా లా విద్యార్థులు చదువుకుంటారు. అది నిజమే. కానీ దాని ఫలితాల్లో అంతకంటే బరువైనది మరొకటుందని నా వాదన: మోత గొడవను ఆ తీర్పు హద్దురాళ్ల గొడవగా మార్చింది.

అలా మారడానికి కారణం కోళ్లలో లేదు, కోర్టు గుమ్మంలో ఉంది. తప్పుచేసి నష్టం కలిగించిందని ఫెడరల్ ప్రభుత్వం మీద దావా వేసే వీలు కల్పించిన సాధారణ చట్టం ఆ ఏడాది ఆగస్టులో గానీ రాలేదు. అప్పటికి తెరిచి ఉన్న దారి రాజ్యాంగం అయిదో సవరణ: ప్రజావసరానికి ఆస్తి తీసుకుంటే పరిహారం ఇవ్వాలి. కాబట్టి నిద్ర చెడిందంటే చాలదు, మా ఆస్తి తీసుకున్నారనాలి. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ డగ్లస్ ఆకాశం అందరి రహదారి అంటూనే, నేలను వాడుకోవడానికి కావలసినంత పై జాగా యజమానిదేనన్నారు. అందులోంచి మరీ కిందగా, మాటిమాటికీ ఎగిరితే అది ఆస్తి తీసుకోవడమేనన్నారు. ముందుకు 30 అడుగులు సాగితే కిందికి ఒక అడుగు దిగే వాలును విమానయాన అధికారులే ఆమోదించారని ప్రభుత్వం వాదించింది. నిలవలేదు. అసలు చిక్కు ఆ వాలులోనే ఉంది. విమానాశ్రయం ప్లాను కంచె దగ్గర ఆగుతుంది, వాలు మాత్రం పొరుగువాడి పెరట్లోకి సాగుతుంది.

జస్టిస్ బ్లాక్ ఒప్పుకోలేదు. మోత, వెలుగు వల్ల కలిగేది ఇబ్బందేగానీ ఆస్తి హరణం కాదని, రాజ్యాంగాన్ని అడ్డం పెడితే విమానయానాన్ని క్రమబద్ధం చేయడంలో కాంగ్రెస్ చేతులు కట్టేసినట్టవుతుందని ఆయన అభ్యంతరం. మొదటి మాటలో బలముంది; అది ఎంత నిజమో 1962లో తేలింది. కాన్సస్‌లోని ఫోర్బ్స్ వైమానిక స్థావరం పొరుగువాళ్లు మోత, కంపనం, పొగ భరించలేక దావా వేశారు. విమానాలు తమ నెత్తిమీదుగా పోవడంలేదు, పక్కనుంచి పోతున్నాయి. కాబట్టి అప్పీలు కోర్టులో ఓడిపోయారు. చెవికి హద్దురాయి తెలియదు, చట్టానికి తెలుసు. రెండో మాటతో మాత్రం ఏకీభవించలేను. అదే ఏడాది పిట్స్‌బర్గ్ విమానాశ్రయం కేసులో, రన్‌వేకి నేల కొన్న స్థానిక ప్రభుత్వమే దిగే దారికి కావలసిన హక్కునూ కొనుక్కోవాల్సిందని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో విమానాలేమీ ఆగిపోలేదు. ప్లాను గీసేవాళ్లు గీత కాస్త పొడిగించాల్సి వచ్చింది, అంతే.

విమానాశ్రయం ముందునుంచీ ఉంది కదా, పక్కన ఉండేవాళ్లు సర్దుకోవాలి కదా అనేది ఇలాంటి ప్రతి తగాదాలోనూ వినిపించే మాట. లిండ్లీ ఫీల్డ్ 1942కి ముందే ఉన్నమాట వాస్తవం. కానీ అప్పుడు మారింది స్థలం కాదు, దిగే విమానాలు, వాటి రాకపోకల జోరు. ఎవరు ముందొచ్చారన్న లెక్క ఆ మార్పును పట్టుకోలేదు. ఇక మన దేశంలో, బ్రిటన్ 1920 చట్టం బాటలో వచ్చి, 2024 చివరిదాకా అమల్లో ఉన్న 1934 విమాన చట్టం 17వ సెక్షన్, గాలీ వాతావరణమూ తదితర పరిస్థితుల్ని బట్టి సమంజసమైన ఎత్తులో ఎగిరినంత మాత్రాన అతిక్రమణ అనీ న్యూసెన్స్ అనీ దావా వేయడానికి వీల్లేదంది. దిగుతున్న విమానానికి 83 అడుగులు సమంజసమేనని వాదించడం ఏమంత కష్టం? కాస్బీలకు అమెరికాలో దొరికిన ఇరుకు గుమ్మం ఆ సెక్షన్ కింద ఇక్కడ ఇంకా ఇరుకుగా ఉండేది. అక్కడైనా వాళ్లకు కింది కోర్టు కట్టిన 2,000 డాలర్లను సుప్రీంకోర్టు అలాగే ఉంచలేదు. తీసుకున్నది తాత్కాలిక హక్కా, శాశ్వత హక్కా తేల్చమని కేసును వెనక్కి పంపింది. ఆ లిండ్లీ ఫీల్డే ఇవాళ పీడ్‌మాంట్ ట్రయాడ్ అంతర్జాతీయ విమానాశ్రయం.