అద్దె ఇంటి ముంగిట పార్కింగ్ తగువు

ఇంగ్లండ్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్న మనిషి, ఇంటితోపాటు ఇచ్చిన స్థలంలోనే కారు పెట్టుకుంటాడు. పర్మిట్ అద్దం మీది నుంచి జారి సీటు కింద పడుతుంది. కొన్నాళ్లకు వంద పౌండ్లు కట్టమంటూ ఓ ప్రైవేటు కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. తన గుమ్మం ముందు తన కారు నిలిపినందుకు డబ్బు కట్టాలా? ఈ ప్రశ్న వెనక ముప్పై ఏళ్లకు పైబడిన కోర్టు చరిత్ర ఉంది.

1990లలో ఉత్తరాల బాధ ఇంతగా లేదు. చక్రానికి ఇనుప క్లాంప్ బిగించేవారు, డబ్బిస్తేనే విప్పేవారు. ప్రైవేటు స్థలంలో ఇలా చేయడం దొంగతనం, బలవంతపు వసూలు కిందికే వస్తుందని స్కాట్లండ్ హైకోర్టు 1992లో తేల్చేసింది. ఇంగ్లండ్ కోర్టులు మరో దారి పట్టాయి. బోర్డు చూసి కూడా కారు ఆపితే క్లాంప్‌కు ఒప్పుకున్నట్టేనని 1990ల మధ్యలో అప్పీలు కోర్టు అంది. 2000లో అదే కోర్టు ముందుకు ఇంకో కేసు వచ్చింది. ఒంట్లో బాగోక కారు పక్కకు ఆపిన ఒక మహిళకు, అడ్డంగా నిలిచిన మరో వాహనం వల్ల బోర్డు కనిపించలేదు. ఆమె బోర్డు చూడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదని కోర్టు తీర్పు చెప్పింది.

జనం గోల చివరికి పార్లమెంటుకు చేరింది. 2012 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో క్లాంప్ వేయడం నేరమైంది. బదులుగా కంపెనీలకు మరో ఆయుధం దొరికింది. కారు ఎవరు నడిపారో తెలియకపోయినా, చట్టం చెప్పిన పద్ధతిలో నోటీసు పంపితే, ఎవరి పేర కారు నమోదై ఉందో ఆ రిజిస్టర్డ్ కీపర్ నుంచే వసూలు చేసుకోవచ్చు. వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏ ఒక్కో చిరునామాను రెండున్నర పౌండ్లకు కంపెనీలకు ఇస్తుంది.

2015లో సుప్రీంకోర్టు కంపెనీల చేయి బలపరిచింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక షాపింగ్ పార్కులో రెండు గంటల ఉచిత గడువు దాటి 56 నిమిషాలు ఉన్న కారుకు వేసిన 85 పౌండ్లు చెల్లుతాయంది. వచ్చేపోయే కొనుగోలుదారులకు చోటు దొరకాలంటే అలాంటి చార్జీ సబబేనన్నది న్యాయమూర్తుల లెక్క.

మరి ఇళ్ల సంగతి? మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో జాప్సన్ కేసు అప్పీలు విచారణకు వచ్చింది. ఒక ఫ్లాట్‌వాసి బరువైన బల్ల దించుకోవడానికి గుమ్మం దగ్గర కారు ఆపారు, కంపెనీ చార్జీ వేసింది. సామాను దించడానికి ఆగడం పార్కింగ్ కాదని, ఇంటి లీజు ఇచ్చిన రాకపోకల హక్కును తర్వాత నాటిన బోర్డు తీసేయలేదని జడ్జి చార్లెస్ హారిస్ తీర్పిచ్చారు. పిల్లల్ని దించడానికీ సరుకులు తేవడానికీ వీల్లేకపోతే ఫ్లాట్లలో కాపురమే సాగదని గుర్తుచేశారు. దుకాణాల ముందు పుట్టిన తీర్పు ఇక్కడ పనికిరాదన్నారు. కౌంటీ కోర్టు తీర్పు మిగతా కోర్టులకు శాసనం కాదు. అయినా ఇలాంటి తగువుల్లో దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు.

కాబట్టి అసలు బలం అద్దె ఒప్పందంలోనే ఉంది. ఫలానా నంబరు స్థలం అద్దెదారుదేనని, పర్మిట్ ఊసు లేకుండా రాసి ఉంటే వాదన గట్టిది. ఎస్టేట్ పార్కింగ్ నియమాలకు లోబడాలని ఉంటే అంత సులువు కాదు. ఇంటి ఓనరు తనకు లేని హక్కును అద్దెదారుకు ఇవ్వలేడు. అందుకే ఓనరు పేరనున్న అసలు లీజులోని పార్కింగ్ క్లాజు నకలు కూడా అడిగి తెచ్చుకోవాలి. చదువులకో ఉద్యోగాలకో వెళ్లిన తెలుగువాళ్లు తాళాలు తీసుకునే రోజే ఈ పని ముగించుకోవడం మేలు.

అప్పీలు ముందు కంపెనీకే రాయాలి, సాధారణంగా 28 రోజుల్లోగా. వాళ్లు కాదంటే, కంపెనీకి ఏ పరిశ్రమ సంఘంలో సభ్యత్వం ఉందో దాన్నిబట్టి, ఇలాంటి అప్పీళ్లు వినే పోప్లా, ఐఏఎస్ అనే సంస్థల్లో ఒకదానికి వెళ్లాలి. ఈ చార్జీ ప్రభుత్వం వేసే జరిమానా కాదు. కట్టనివారి నుంచి రాబట్టాలంటే కంపెనీ సివిల్ కోర్టుకు ఎక్కాల్సిందే. కోర్టు కాగితం వస్తే మాత్రం పక్కన పడేయకూడదు.

ప్రైవేటు పార్కింగ్ కంపెనీలకు ప్రభుత్వ నియమావళి రావాలని 2019లోనే చట్టం చేశారు. 2022 ఫిబ్రవరిలో వెలువడిన నియమావళిని, కంపెనీలు కోర్టుకెక్కడంతో జూన్‌లోనే వెనక్కి తీసుకున్నారు. 2024లో పరిశ్రమే తన నియమావళి రాసుకుంది. 2025 జులైలో ప్రభుత్వం మళ్లీ సంప్రదింపులు మొదలుపెట్టింది. ఈసారి వచ్చే నియమావళి సూపర్‌మార్కెట్ ముందు ఆగిన కారునూ, సొంత స్థలంలో నిలిపిన ఇంటివాళ్ల కారునూ ఒకే గాట కట్టకూడదు. ఒప్పందం చూపిన అద్దెదారు చార్జీని మొదటి ఉత్తరంతోనే రద్దు చేయాలని కంపెనీలకు స్పష్టంగా చెప్పాలి.