ఆర్గనాక్స్

ఆర్గనాక్స్ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో నెలకొన్న వైద్య పరికరాల సంస్థ. దాత శరీరం నుండి తీసిన కాలేయాన్ని గ్రహీతకు అమర్చేవరకు సజీవంగా, పనిచేసే స్థితిలో ఉంచే "మెట్రా" అనే యంత్రాన్ని ఈ సంస్థ తయారు చేసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనల ఫలితంగా 2008లో ఇది స్థాపించబడినది. స్థాపకులు ఇద్దరు: శస్త్రవైద్యుడు పీటర్ ఫ్రెండ్, ఇంజనీరు కాన్‌స్టాంటిన్ కూసియోస్.

నేపథ్యం

మానవునికి తొలి కాలేయ మార్పిడి శస్త్రచికిత్సను 1963లో అమెరికాలోని డెన్వర్ నగరంలో థామస్ స్టార్జల్ చేశారు. ఆ రోగి బ్రతకలేదు. 1967లో ఆయనే తొలి విజయం సాధించారు. మరుసటి సంవత్సరం రాయ్ కాల్న్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఈ చికిత్సను ప్రారంభించారు. అప్పటినుండి అవయవాన్ని నిల్వ చేయడానికి ఉన్న ప్రధాన మార్గం చల్లదనమే. అవయవంలోని రక్తాన్ని కడిగివేసి, ప్రత్యేక ద్రావణంతో నింపి, మంచుపెట్టెలో సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోల్కర్ట్ బెల్జర్, జేమ్స్ సదర్డ్ రూపొందించిన ద్రావణం 1980ల చివరినుండి ఇందుకు ప్రమాణంగా నిలిచింది.

చలి జీవకణాల పనిని మందగింపజేస్తుంది కాని పూర్తిగా ఆపదు. ప్రాణవాయువు అందని కణాలు గంట గంటకు దెబ్బతింటూనే ఉంటాయి. కొవ్వు పేరుకున్న కాలేయాలు, వృద్ధ దాతల కాలేయాలు, గుండె ఆగిన తరువాత సేకరించిన కాలేయాలు ఈ చలిని తట్టుకోలేవు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. మంచులో ఉన్న కాలేయం పనిచేయదు. కనుక అది రోగి శరీరంలో పనిచేస్తుందో లేదో ముందుగా పరీక్షించే వీలు లేదు. శస్త్రవైద్యుడు దాత వయసు, రోగచరిత్ర, అవయవం రంగు, మెత్తదనం చూసి అంచనా వేయవలసినదే. అంచనా తప్పితే రోగి ప్రాణానికే ముప్పు. అందువలన సందేహం కలిగిన కాలేయాలను పక్కన పెట్టేస్తారు. అటువంటి వాటిలో మంచివి కూడా ఉండవచ్చును. అదే సమయంలో కాలేయం కోసం వేచి ఉన్నవారిలో కొందరు అది అందకముందే మరణిస్తుంటారు.

స్థాపకులు

పీటర్ ఫ్రెండ్ కేంబ్రిడ్జిలో రాయ్ కాల్న్ వద్ద పనిచేసిన శస్త్రవైద్యుడు. 1999లో ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చి, అక్కడి అవయవ మార్పిడి కేంద్రానికి సంచాలకులయ్యారు. కాలేయాన్ని చల్లబరచకుండా శరీర ఉష్ణోగ్రత వద్దనే రక్తంతో పోషిస్తే మేలని ఆయన బృందం పందుల కాలేయాలపై ప్రయోగాలు చేసి, 2002లో ఫలితాలను ప్రకటించింది.

కాన్‌స్టాంటిన్ కూసియోస్ ఆక్స్‌ఫర్డ్‌లో వైద్య ఇంజనీరింగు ఆచార్యులు. అతిధ్వని తరంగాలను చికిత్సకు ఉపయోగించడం ఆయన మరొక పరిశోధనా రంగం. ప్రయోగశాలలో నిపుణులు పక్కనే ఉండి నడపవలసిన అమరికను, ఆసుపత్రి సిబ్బంది నడపగలిగే స్వయంచాలక యంత్రంగా మార్చడం ఇంజనీరింగు సమస్య. సంస్థలో ఫ్రెండ్ ప్రధాన వైద్యాధికారిగాను, కూసియోస్ ప్రధాన సాంకేతికాధికారిగాను బాధ్యతలు వహించారు.

యంత్రం పనిచేసే విధానం

కాలేయానికి రక్తం రెండు దారులలో వస్తుంది: కాలేయ ధమని, ద్వార సిర. మెట్రా యంత్రంలో ఈ రెండింటికీ గొట్టాలు అమర్చి, రక్తనిధి నుండి తెచ్చిన ఎర్ర రక్తకణాలతో కూడిన ద్రవాన్ని పంపు ద్వారా ప్రసరింపజేస్తారు. ద్రవానికి ప్రాణవాయువు, పోషకాలు, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ అందుతుంటాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు ఉంటుంది. ఈ స్థితిలో కాలేయం పైత్యరసాన్ని తయారు చేస్తుంది, లాక్టేటును తొలగిస్తుంది, చక్కెరను వినియోగించుకుంటుంది. 24 గంటల వరకు ఇలా ఉంచే విధంగా యంత్రాన్ని రూపొందించారు. అనగా, కాలేయం పనితీరును అమర్చకముందే కొలిచి చూడవచ్చును.

ఈ యంత్రంలో ఉంచిన కాలేయాన్ని 2013 ఫిబ్రవరిలో లండన్‌లోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగికి అమర్చారు. ఆ ఆసుపత్రి శస్త్రచికిత్సలకు నైజెల్ హీటన్ నాయకత్వం వహించారు.

సంస్థ నిర్వహణ

తొలి మానవ ప్రయోగం నాటికి లెస్ రస్సెల్ ప్రధాన కార్యనిర్వహణాధికారిగా ఉన్నారు. తరువాత క్రెయిగ్ మార్షల్ ఆ పదవిలో పనిచేశారు. 2021 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించినది ఆయన కాలంలోనే. వైద్యుడైన ఎర్న్ స్టూగె పాలకవర్గ అధ్యక్షులయ్యారు. ఆయన అంతకుముందు మెడ్‌ట్రానిక్ సంస్థలో పనిచేశారు. జపాను సంస్థ టెరుమో 2025 ఆగస్టులో ఆర్గనాక్స్‌ను సుమారు 150 కోట్ల డాలర్లకు కొనుగోలు చేయనున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం బ్రిటన్ రాయల్ ఇంజనీరింగు అకాడమీ ఇచ్చే మెక్‌రాబర్ట్ పురస్కారం ఆర్గనాక్స్‌కు లభించింది.

శాస్త్రీయ పరీక్షలు

యంత్రాన్ని కనిపెట్టినవారికే సంస్థలో వాటాలు ఉన్నపుడు, వారి మాటనే రుజువుగా తీసుకోవడం కుదరదు. కనుక ఈ సంస్థ విషయంలో వైద్య పరీక్షలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది.

ఐరోపా సమాఖ్య నిధులతో ఏర్పడిన అవయవ పరిరక్షణ పరిశోధక కూటమి ఒక పెద్ద పరీక్షను చేపట్టింది. ఈ కూటమికి సారథ్యం వహించిన రట్గర్ ప్లోయెగ్, పూర్వం విస్కాన్సిన్‌లో బెల్జర్ బృందంతో పనిచేసినవారు. మంచునిల్వ ప్రమాణాన్ని నెలకొల్పిన బృందంలోని వ్యక్తి, దానికి ప్రత్యామ్నాయాన్ని పరీక్షించే పనికి ముందుండడం విశేషం. కాలేయాలను పక్షపాతం లేకుండా, చీటీలు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గాన్ని యంత్రంలోను, మరొక వర్గాన్ని మంచులోను ఉంచారు. 220 మార్పిడులతో కూడిన ఈ ఫలితాలు 2018లో నేచర్ పత్రికలో ప్రచురితమయ్యాయి. ప్రధాన రచయిత డేవిడ్ నస్రాల్లా. ఫ్రెండ్, కూసియోస్‌లకు సంస్థలో ఉన్న వాటాలు, పదవులు ఆ వ్యాసంలోనే వెల్లడించబడ్డాయి.

ఎంజైముల కొలతను బట్టి యంత్రంలో ఉంచిన కాలేయాలకు కలిగిన హాని సగానికి తగ్గింది. నిల్వ కాలం సగటున 54 శాతం ఎక్కువైనా ఈ ఫలితం వచ్చింది. మంచు వర్గంలో 24.1 శాతం కాలేయాలను పక్కన పెట్టగా, యంత్రపు వర్గంలో 11.7 శాతం మాత్రమే పక్కన పెట్టవలసి వచ్చింది.

బర్మింగ్‌హామ్‌లో హైనెక్ మెర్గెంటాల్, డేరియస్ మిర్జా తదితరులు జరిపిన మరొక పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. బ్రిటన్‌లోని అన్ని కేంద్రాలూ వద్దన్న 31 కాలేయాలను వారు యంత్రంలో పెట్టి పరీక్షించారు. లాక్టేటు తగ్గడం వంటి ముందే నిర్ణయించిన గురుతులు కనిపించిన 22 కాలేయాలను రోగులకు అమర్చారు. 90 రోజుల తరువాత ఆ 22 మందీ జీవించి ఉన్నారు.

పరిమితులు

2018 నాటి పరీక్షలో ఏడాది తరువాత రోగుల మనుగడలో గాని, పైత్యనాళాల సమస్యలలో గాని రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బర్మింగ్‌హామ్ పరీక్షలో నలుగురికి పైత్యనాళాలు ఇరుకై, మళ్ళీ కాలేయ మార్పిడి చేయవలసి వచ్చింది. కాలేయ కణాలు బాగా పనిచేస్తున్నా పైత్యనాళాలు దెబ్బతిని ఉండవచ్చునని దీనివలన తెలిసింది. కనుక యంత్రం చూపే కొలతలు వైద్యుని నిర్ణయానికి సహాయపడతాయే గాని, దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమించలేవు. మంచుపెట్టెతో పోల్చితే యంత్రానికి ఖర్చు, శిక్షణ పొందిన సిబ్బంది అవసరం కూడా ఎక్కువ.

తరువాతి పరిణామాలు

మెదడు పనిచేయని స్థితికి చేరిన ఒక వ్యక్తి శరీరానికి, జన్యుమార్పిడి చేసిన పంది కాలేయాన్ని బయటినుండి మెట్రా ద్వారా 72 గంటలపాటు అనుసంధానించినట్లు 2024 జనవరిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు ప్రకటించారు. పంది కాలేయాన్ని ఈజెనెసిస్ సంస్థ సమకూర్చింది. రోగి సొంత కాలేయం కోలుకునేవరకు, లేదా దాత దొరికేవరకు ఈ పద్ధతి ఆసరా కాగలదా అన్నది పరిశోధకుల ప్రశ్న. దీనిపై రోగులతో పరీక్షకు 2025లో అమెరికాలో అనుమతి లభించింది.

ఇదే రంగంలోని ఇతర సంస్థలు

అమెరికాలో వలీద్ హసనైన్ స్థాపించిన ట్రాన్స్‌మెడిక్స్ గుండె, ఊపిరితిత్తులు, కాలేయాలకు ఇటువంటి యంత్రాలను తయారు చేస్తుంది. దాని కాలేయ యంత్రానికి 2021 సెప్టెంబరులో అమెరికా అనుమతి లభించింది. స్వీడనుకు చెందిన ఎక్స్‌వీవో సంస్థకు, లుండ్ నగర శస్త్రవైద్యుడు స్టిగ్ స్టీన్ ఊపిరితిత్తులపై చేసిన పరిశోధనలు పునాది.

ఇవి కూడా చూడండి

అవయవ దానం
కాలేయం
అవయవ మార్పిడి
థామస్ స్టార్జల్