పన్నెండు రోజుల తరువాతి సోమవారం

క్రిస్మస్ సెలవులు ముగిశాక జనవరి మొదట్లో మళ్లీ పనిలోకి దిగడం, ఆ ఏడాది సాధించవలసినదేమిటో ఒక కాగితం మీద పెట్టుకోవడం నేడు ఆఫీసు జీవితానికి చెందిన వ్యవహారంగా కనిపిస్తుంది గాని, ఒకప్పటి ఇంగ్లండు పల్లెల్లో ఈ మలుపుకు ప్రత్యేకంగా ఒక రోజు, ఆ రోజుకు ఒక పేరు, వేషం, వాటితో పాటు కొంత బేరసారం కూడా ఉండేవి. తూర్పు దేశపు జ్ఞానులు బాల యేసును దర్శించిన ఘట్టాన్ని స్మరించే ఎపిఫనీ పండుగ జనవరి 6న వస్తుంది; దాని తరువాత వచ్చే మొదటి సోమవారాన్ని ‘ప్లౌ మండే’, అంటే నాగలి సోమవారం అనేవారు. ఏటా జనవరి 7కూ 13కూ మధ్య పడే ఆ రోజున నాగలి కదిలేది నిజమే గాని, చాలాచోట్ల అది పొలంలో కాక ఊరి వీధుల్లో కదిలేది. పనికి మళ్లవలసిన రోజునే అసలు పని జరగకపోవడం పైకి సోమరితనంగా తోచినా, ఆ ఆచారం ఎలా పుట్టి ఎలా సన్నగిల్లిందో గమనిస్తే, పండుగకూ పనికీ మధ్య ఒక రోజును తమదిగా నిలుపుకోవడానికి కూలి జనం చాలాకాలం గట్టిగానే పట్టుబట్టారని అర్థమవుతుంది.

డిసెంబర్ 25 నుంచి ఎపిఫనీ వరకు గల పన్నెండు రోజులను పండుగ కాలంగా పాటించే సంప్రదాయం పశ్చిమ క్రైస్తవ లోకంలో ఆరవ శతాబ్దానికే స్థిరపడింది. 567లో ఫ్రాన్సులోని టూర్ నగరంలో జరిగిన మతాధికారుల సభ దానిని గుర్తించింది. ఇంగ్లండులో దీనికి రాజశాసన బలం తోడైంది. 9వ శతాబ్దం చివర ఆల్‌ఫ్రెడ్ రాజు వెలువరించిన ధర్మశాస్త్రం నడిశీతకాలంలో పన్నెండు రోజుల విరామాన్ని స్వతంత్రులందరికీ హక్కుగా ఇచ్చింది. అయితే బానిసలకు ఆ హక్కు వర్తించదని కూడా అదే శాసనం స్పష్టంగా చెప్పి, వారికి ఏడాది మొత్తంలో ప్రత్యేక ఉపవాస వారాల్లో వచ్చే నాలుగు బుధవారాలను మాత్రం వదిలిపెట్టింది. అందరి పండుగగా చెప్పుకునే కాలం మొదటి నుంచీ అందరిదీ కాదు. తరువాతి శతాబ్దాల్లో, భూస్వామి సొంత సాగు చుట్టూ రైతులు జీతం లేని చాకిరీ చేయవలసిన మేనర్ వ్యవస్థలో, క్రిస్మస్, ఈస్టర్, పెంతెకొస్తు పండుగ రోజుల్లో ఆ వారపు చాకిరీ ఆగేది. ఎపిఫనీ దాటగానే తిరిగి మొదలయ్యేది.

ఆ మొదలయ్యే పని ఏమిటన్నది తెలిస్తే తప్ప నాగలి పేరు ఈ సోమవారానికి ఎందుకు వచ్చిందో తెలియదు. ఊరి పొలాన్ని మూడు పెద్ద కమతాలుగా విడదీసి సాగు చేసే పద్ధతిలో ఒకదానిలో గోధుమ, రై వంటి పైర్లను శరదృతువులోనే విత్తేవారు. రెండవదానిలో బార్లీ, ఓట్లు, బఠాణీ, చిక్కుడు గింజలను వసంతంలో విత్తేవారు. మూడవది బీడుగా ఉండేది. జనవరిలో దున్నవలసింది ఈ రెండవ కమతాన్ని. తెలుగు రైతుకు ఏరువాక జ్యేష్ఠ పున్నమినాడు, తొలకరి తడిని చూసుకుని వస్తుంది. ఇంగ్లండు రైతుకు మాత్రం దుక్కి ఆరంభాన్ని వాన కాక సెలవుల ముగింపు నిర్ణయించేది. నేల గడ్డకట్టి ఉంటే ఆ సోమవారం దున్నడం ఎలాగూ సాధ్యం కాదు కనుక, ఆ రోజుకు వ్యవసాయ అవసరం కన్నా పంచాంగ ప్రాధాన్యమే ఎక్కువ.

ఏడాదికి లక్ష్యం పెట్టుకోవడం కూడా ఆ కాలానికి కొత్త కాదు గాని, అది మనిషి తన గురించి పెట్టుకునే లక్ష్యం కాదు. 13వ శతాబ్దంలో వాల్టర్ ఆఫ్ హెన్లీ అనే రచయిత ఇంగ్లండులోని కులీనుల ఫ్రెంచి భాషలో భూస్వాముల కోసం రాసిన సాగు గ్రంథంలో ఈ లెక్క నేటి కంపెనీ వార్షిక ప్రణాళికను తలపించేంత పకడ్బందీగా ఉంది. ఏడాదికి 52 వారాలు. పండుగలకూ ఇతర ఆటంకాలకూ 8 వారాలు తీసివేస్తే 44 పని వారాలు మిగులుతాయి. మొదటి దుక్కి అయితే ఒక నాగలి రోజుకు ఎకరంలో ఎనిమిదింట ఏడు వంతులు, రెండవ దుక్కి అయితే పూర్తి ఎకరం దున్నగలదు. ఆ లెక్కన మూడు కమతాల పద్ధతిలో ఒక నాగలి 180 ఎకరాలను చూసుకోవాలి. సెలవులను లెక్క నుంచి దాచకుండా మొదటే తీసివేసిన ఈ నిజాయితీ గమనించదగినది. అంతకన్నా ఆసక్తికరమైనది ఎడ్లకూ గుర్రాలకూ మధ్య ఆయన చేసిన పోలిక: గుర్రం వేగంగా నడవగలిగినా దున్నేవాళ్లు కావాలని దాన్ని ఎడ్ల నడకను మించనివ్వరు కాబట్టి ఖర్చు తక్కువైన ఎడ్లే మేలని ఆయన తేల్చాడు. ఆయన దీనిని దున్నేవాళ్ల దుర్బుద్ధిగా చూశాడు. ఎవరి లక్ష్యం, ఎవరి ఒళ్లు అన్న ప్రశ్న దున్నేవాళ్లకు తెలుసునని చదవడమే ఎక్కువ సబబు. పైగా ఈ లెక్కలన్నీ సెప్టెంబర్ 29న వచ్చే మైకల్మస్ పండుగతో మొదలై మళ్లీ అదే పండుగతో ముగిసేవి. ఖాతాల సంవత్సరం శరత్తులో మొదలైతే, కాయకష్టం సంవత్సరం జనవరిలో మొదలయ్యేదన్నమాట.

నాగలిని ఊరేగించే ఆచారానికి 15వ శతాబ్దం నుంచి ఆధారాలు దొరుకుతాయి. ఆ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో రాసిన ‘డైవీస్ అండ్ పాపర్’ అనే ధర్మబోధ గ్రంథం, ఏడాది శుభంగా మొదలవ్వాలని నాగలిని మంట చుట్టూ తిప్పడాన్ని మూఢాచారంగా ఖండించింది. ఖండించవలసి వచ్చిందంటే అది బాగా వాడుకలో ఉందనే అనుకోవాలి. మరోవైపు చర్చి ఈ ఆచారాన్ని తన గూటిలోకి కూడా చేర్చుకుంది. నార్ఫోక్, లింకన్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్ వంటి తూర్పు ప్రాంతాల్లో దున్నేవాళ్లు సంఘాలుగా ఏర్పడి, చర్చిలో ‘నాగలి దీపం’ పేరిట ఒక కొవ్వొత్తి ఆరిపోకుండా చూసేవారు. ఆ ఖర్చు కోసమే నాగలిని ఇంటింటికీ ఈడ్చుకెళ్లి డబ్బు వసూలు చేసేవారు. నార్ఫోక్‌లోని కాస్టన్ గ్రామ చర్చిలో గంటలు మోగించేవాళ్లు నిలబడే కొయ్య మిద్దె మీద, నాగలికి మేలు కలగాలనీ ఏల్ అనే బార్లీ బీరుకు సరిపడా ధాన్యం పండాలనీ కోరే చెక్కడం నేటికీ ఉంది. భక్తినీ దాహాన్నీ ఒకే పలక మీద చెక్కిన ఆ రైతుల మనసు, ఖండనలు రాసిన పండితుల గ్రంథాల కన్నా ఎక్కువ చెబుతుంది.

మతసంస్కరణ ఈ దీపాలను ఆర్పింది. 1538 నుంచి 1547 దాకా వెలువడిన రాజాజ్ఞలు చర్చిలోని కొవ్వొత్తులను క్రమంగా నిషేధించి, వాటిని పోషించిన సంఘాలను రద్దు చేశాయి. దీపం పోయినా వసూలు మాత్రం పోలేదు. చర్చికి చేరే డబ్బు ఇప్పుడు దున్నేవాళ్ల జేబులోకే వెళ్లసాగింది. ఎలిజబెత్ రాణి కాలపు రైతు కవి థామస్ టస్సర్ 1573 నాటి తన సాగు గ్రంథంలో పనివాళ్లకు ఇవ్వవలసిన విందుల వరుసలో నాగలి సోమవారాన్ని చేర్చి, ఆ ఉదయపు పందెం ఒకదాన్ని పేర్కొన్నాడు. దున్నేవాడు తన చెర్నాకోలనో గొడ్డలినో వంటింటి పొయ్యి దగ్గరికి తెచ్చేటప్పటికి పనిపిల్ల ఇంకా నీళ్ల కాగు పొయ్యి మీద పెట్టకపోతే, ఈస్టరు ఉపవాసాలకు ముందు జరిగే విందులో ఆమెకు రావలసిన కోడిపుంజు ఆమెకు దక్కదు. పన్నెండు రోజులు పొద్దెక్కేదాకా పడుకున్న శరీరాలను చీకటితో లేపడానికి యజమాని గద్దింపు కన్నా కోడిపుంజు ఆశ మెరుగని ఆ ఇళ్లకు తెలుసు.

ఆడవారి పనికి వేరే రోజు ఉండేది. ఎపిఫనీ మరునాటిని, అంటే జనవరి 7ను, ‘సెయింట్ డిస్టాఫ్స్ డే’ అనేవారు. డిస్టాఫ్ అంటే వడకవలసిన నారనో ఉన్నినో చుట్టి పట్టుకునే కర్ర. ఆ పేరుగల పునీతుడు క్రైస్తవ చరిత్రలో ఎక్కడా లేడు, పనిముట్టుకే పునీత పట్టం కట్టిన హాస్యం అది. మగవాళ్లు నారకు నిప్పంటించడం, ఆడవాళ్లు వాళ్ల మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించడం, సగం పని సగం ఆటగా రోజు గడవడం రాబర్ట్ హెరిక్ 1648లో ప్రచురించిన ‘హెస్పెరిడీస్’ కవితా సంపుటిలో నమోదయ్యాయి. ఆ ప్రచురణ కాలాన్ని గుర్తుంచుకోవాలి: అంతకుముందు ఏడాది 1647లోనే, రాజుతో జరిగిన అంతర్యుద్ధంలో గెలిచిన పార్లమెంటు క్రిస్మస్‌తో సహా పండుగలను రద్దు చేసి, వాటికి బదులుగా పనినేర్చే కుర్రవాళ్లకూ నౌకర్లకూ ప్రతి నెలా రెండవ మంగళవారం విశ్రాంతి దినంగా ప్రకటించింది; అదే ఏడాది హెరిక్ తన చర్చి పదవిని కూడా పోగొట్టుకున్నాడు. నెలకొక మంగళవారం అంకెల్లో చూస్తే పన్నెండు రోజులతో సమానమే గాని, జనం దానిని తమ పండుగగా భావించలేదు. 1660లో రాజు తిరిగి రాగానే పాత పండుగలూ తిరిగి వచ్చాయి.

అదే సంవత్సరం దినచర్య రాయడం మొదలుపెట్టిన నౌకాదళ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ రాతల్లో లక్ష్యం అనే మాటకు మరో ముఖం కనిపిస్తుంది. 1661 డిసెంబర్ 31న ఆయన నాటకాలకూ ద్రాక్షసారాయికీ దూరంగా ఉంటానని గంభీరంగా ప్రమాణం చేశాడు. అటువంటి ప్రమాణాలను కాగితం మీద రాసుకుని ఆదివారాల్లో తిరిగి చదువుకోవడం, తప్పినప్పుడు పేదల హుండీలో జరిమానా వేయడం ఆయన పద్ధతి. వాల్టర్ ఆఫ్ హెన్లీ ఎకరాలను లెక్కించినచోట పీప్స్ తనను తాను లెక్కించుకున్నాడు. దున్నవలసిన పొలమూ దున్నే ఎద్దూ ఒకరే అయ్యారు. ఇది పట్టణపు అక్షరాస్యుడి ఆచారం. తరువాతి శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1755లో ప్రారంభించిన నిబంధన ఆరాధన, అంటే దేవునితో ఒడంబడికను సంఘమంతా కలిసి పునరుద్ధరించుకునే ప్రార్థన, కాలక్రమంలో కొత్త సంవత్సరపు తొలి ఆదివారానికి స్థిరపడి, ఈ వ్యక్తిగత ప్రమాణాన్ని సామాన్య జనానికి చేర్చింది. ఆ సంప్రదాయం మెదక్ కేంద్రంగా పనిచేసిన వెస్లియన్ మిషనరీలతో తెలుగు నేలకూ వచ్చింది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు చేరి ఏడాది వాగ్దాన వాక్యంతో ఇళ్లకు వెళ్లే తెలుగు క్రైస్తవ కుటుంబాల ఆచారానికి ఆ ఉద్యమం కూడా ఒక మూలం.

పల్లెల్లో మాత్రం నాగలి సోమవారం 18, 19 శతాబ్దాల్లో మరింత మొరటుగా, మరింత అవసరంగా మారింది. యార్క్‌షైర్‌లో కోడెలని అర్థం వచ్చే ‘స్టాట్లు’, డెర్బీషైర్‌లో ‘ఎడ్లు’, కేంబ్రిడ్జ్‌షైర్ వైపు ‘నాగలి మంత్రగత్తెలు’ అన్న పేర్లతో యువకులు ముఖాలకు మసి పూసుకుని, చొక్కాలకు రిబ్బన్లు కట్టుకుని, తామే కాడికి కట్టిన పశువుల్లా నాగలిని లాగుతూ వచ్చేవారు; ఆడవేషం వేసిన ‘బెస్సీ’ డబ్బు డబ్బా పట్టుకునేది. డబ్బు ఇవ్వని ఇంటి గుమ్మం ముందు నేలను దున్నేసి పోయేవారు. 1810లో ఇటువంటి దుక్కి నష్టం మీద ఒక రైతు డెర్బీ న్యాయస్థానం దాకా వెళ్లాడు. ఇది కేవలం అల్లరి కాదు. తూర్పు ఇంగ్లండులో ఉమ్మడి భూములకు కంచెలు పడి, ఏడాది జీతానికి రైతు ఇంట్లోనే ఉండి పనిచేసే పద్ధతి క్షీణించి, రోజుకూలీయే దిక్కైన తరువాత, శీతకాలంలో కూలివాడికి మిగిలిన పెద్ద ఆధారం కంకులను కర్రలతో కొట్టి ధాన్యం రాల్చే పని. నూర్పిడి యంత్రాలు దాన్నీ లాక్కోగా 1830లో కెంట్ జిల్లాలో మొదలైన అల్లర్లలో కూలీలు ఆ యంత్రాలను పగలగొట్టారు. అటువంటి జనవరిలో నాగలి సోమవారపు వసూలు మన పల్లెల పండుగ మామూలు వంటిది: అడిగేవాడు దానిని హక్కు అనుకుంటాడు, ఇచ్చేవాడు దయ అనుకుంటాడు, మసి పూసిన ముఖం ఆ ఇద్దరినీ ఇబ్బంది నుంచి కాపాడుతుంది.

పట్టణాల్లో ఈలోగా సెలవు కాలం కరిగిపోయింది. 1833 ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో పనిచేసే పిల్లలకూ యువజనులకూ పూర్తి సెలవులుగా ఇచ్చినవి క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రెండే, వాటికి తోడు ఎనిమిది సగం రోజులు. మరుసటి ఏడాది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన సెలవులను నాలుగుకు కుదించింది. 1843లో చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’లో గుమాస్తాకు దక్కిన సెలవు ఒక్క రోజు; మరునాటి ఉదయం అతడు ఆఫీసుకు పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. వారం అటూ ఇటూ జరగగల దుక్కికి బదులు అర నిమిషం కూడా లెక్కలోకి వచ్చే గడియారం వచ్చిందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అక్కరలేదు. జనవరి 1 ఇంగ్లండులో అధికారిక సెలవు కావడానికి 1974 దాకా పట్టింది.

గ్రామ పోలీసులు, బడిపంతుళ్లు, సంస్కారవాదులు కలిసి 19వ శతాబ్దం చివరికి నాగలి సోమవారపు వసూలును బిచ్చంగా చిత్రించడంలో చాలావరకు సఫలమయ్యారు. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని విట్లసీ పట్టణంలో ఆ సోమవారం మరునాడు ఒక మనిషిని తల నుంచి కాళ్ల దాకా గడ్డితో చుట్టి ఎలుగుబంటిగా వీధుల్లో ఆడించే ఆచారాన్ని 1909లో ఒక పోలీసు అధికారి అడుక్కోవడంగా పరిగణించి ఆపించాడు. 1980లో స్థానికులు దానిని తిరిగి మొదలుపెట్టారు, గడ్డి ఎలుగుబంటికి మళ్లీ వాద్యగాళ్లూ నర్తకులూ తోడయ్యారు. అయితే ప్రధాన ఊరేగింపును మంగళవారం నుంచి శనివారానికి మార్చుకున్నారు, ఎందుకంటే మంగళవారంనాడు ఆడేవాళ్లలో చాలామందికి ఉద్యోగాలున్నాయి.