కళ్లంలో తేలే లెక్క

ఊరు చిన్నదైనా కొలిమి, కుమ్మరి ఆవం, చాకిరేవు ఉండేవి. డబ్బే అరుదు. కమ్మరి ఏడాదంతా కర్రు సాగదీసేవాడు, వడ్రంగి నాగలి చెక్కేవాడు, నీరుగంటి చెరువు తూము కాచేవాడు. లెక్క తేలేది పంట నూర్చాక, కళ్లంలోనే. ఆ ధాన్యపు వాటాను మేర అనేవారు.

వీళ్లే ఆయగాళ్లు. పన్నెండుగురని వాడుక.

1812లో బ్రిటిష్ పార్లమెంటుకు అందిన ఐదో నివేదిక ఊరి ఉద్యోగులను, పనివాళ్లను వరుసగా చెప్పింది: కరణం, తలారి, కుమ్మరి, చాకలి, మంగలి, చివరికి కవి కూడా! పాటకూ పద్యానికీ ఊళ్లో చోటుండడం ముచ్చటేస్తుంది. అయితే ఊరి వెలుపలి వాడలో ఉంటూ చెప్పులు, మోట తోళ్లు కుట్టిన మాదిగలకు శ్రమకు తగ్గ గింజలూ దక్కలేదు, గౌరవమూ దక్కలేదు. అది మరిచి పాత ఊరిని పొగడలేం.

కరెంటు మోటార్లు మోటను మూలపెట్టాయి. ట్రాక్టర్లొచ్చాక కొలిమికి పని తగ్గింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది.