పైలట్ మాటకు అంకె

చిన్న రన్‌వే మీద దిగాలంటే విమానం బాగా నెమ్మదిగా రావాలి. చిక్కంతా అక్కడే. మామూలు వేగంలో ముక్కు కాస్త ఎత్తితే విమానం పైకి లేస్తుంది. వేగం మరీ తగ్గాక అదే పని చేస్తే గాలి ఈడ్పు పెరిగి, క్షణాల్లో ఇంకా తొందరగా కిందికి దిగుతుంది. అప్పుడు ఎత్తును ఇంజన్ శక్తిని మార్చే థ్రాటిల్‌తో, వేగాన్ని ముక్కుతో చూసుకోవాలి. చేతికి పట్టుబడిన అలవాటంతా తారుమారవుతుందన్నమాట.

1960లలో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో హెర్వీ క్విగ్లీ, రాబర్ట్ ఇన్నిస్ లాంటి పరిశోధకులు ఈ సంగతే తేల్చడానికి పూనుకున్నారు. రెక్కల ఫ్లాప్‌ల మీదుగా గాలి ఊదే ఏర్పాటున్న సీ-130 రవాణా విమానాన్ని పరీక్షించారు. నెమ్మదిగానైతే ఎగిరింది కానీ, ఆ వేగంలో పక్కకు జారకుండా నిలపడం పైలట్‌కు పెద్ద పనైంది. ఫ్రాన్సు వాళ్ల బ్రెగే 941 విమానంలో నాలుగు ప్రొపెల్లర్లనూ షాఫ్టులతో కలిపారు. ఒక ఇంజన్ ఆగినా నాలుగూ తిరుగుతూనే ఉంటాయి, విమానం ఒక వైపుకు లాగదు. నాకు ఆ కాలపు విమానాల్లో ఇదే అన్నిటికన్నా తెలివైనదనిపిస్తుంది.

ఇంతకీ 'పెద్ద పనైంది' అంటే ఎంత? ఒక పైలట్ 'ఫరవాలేదు' అన్నది ఇంకొకరికి 'ప్రమాదం' కావచ్చు. ఏమ్స్ టెస్ట్ పైలట్ జార్జ్ కూపర్ 1957లోనే దీనికొక కొలమానం ప్రతిపాదించారు. తర్వాత కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి చెందిన రాబర్ట్ హార్పర్‌తో కలిసి 1969లో దాన్ని తిరగరాశారు. పైలట్‌కు వరసగా ప్రశ్నలు: విమానం అదుపులో ఉందా? భరించగలిగే శ్రమతో పని జరిగిందా? మార్పు లేకుండానే సంతృప్తిగా ఉందా? జవాబులను బట్టి 1 నుంచి 10లోపు అంకె వేయాలి. 1 అంటే అద్భుతం, 10 అంటే అదుపు తప్పినట్టే. ఏ పని ఇచ్చి అడిగారన్నది ముందే చెప్పి తీరాలి. 'సాఫీగా దిగు' అనడం వేరు, 'ఈ గీత మీదే చక్రాలు ఆనించు' అనడం వేరు.

నెమ్మదిగా దిగే విమానాల ప్రయోగాలూ సాగాయి: అదే ఏమ్స్ కేంద్రం కోసం బోయింగ్ సంస్థ బఫెలో రవాణా విమానం రెక్కల మీద నాలుగు జెట్ ఇంజన్లు పెట్టి క్యూఎస్ఆర్ఏ అనే ప్రయోగ విమానాన్ని తయారుచేసింది. 1980లో అది కిట్టీ హాక్ విమానవాహక నౌక మీద పట్టి ఆపే తీగ లేకుండా దిగింది, ముందుకు విసిరే కేటపుల్ట్ లేకుండా లేచింది.

కూపర్-హార్పర్ స్కేలు ఇవాళ్టికీ టెస్ట్ పైలట్ల చేతిలో ఉంది.